పాత పద్మినికి ముందు బ్రేకులు, రంగు ఆఖరున

ప్రశ్న: మాది రాజమండ్రి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా నాన్నగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉంది. ఎనిమిదేళ్ళుగా కదల్లేదు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. 2016లో ఐదేళ్ళకి రెన్యువల్ చేయించారు, ఆ తర్వాత ఎవరమూ పట్టించుకోలేదు. పాత సామాన్ల వ్యాపారి తూకానికి అడుగుతున్నాడు. మా ఆవిడ "బాగు చేయించండి, లేదంటే ఇచ్చేయండి, షెడ్డైనా ఖాళీ అవుతుంది" అంటోంది. ఏడాదిలో 80 వేలు పెట్టగలను, అంతకు మించి నా వల్ల కాదు. స్కూటరు సర్వీసింగ్ సొంతంగా చేసుకుంటాను, కారు పని రాదు. తెలిసిన పెయింటరు ముందు రంగు వేయించేయమంటున్నాడు, చూస్తే మీకే హుషారు వస్తుందని. మా బావమరిది పాత ఇంజను పీకేసి మారుతి ఇంజను పెట్టించమంటున్నాడు. వీడియోల్లో చూస్తే అందరూ బండి మొత్తం విప్పేసి మొదలుపెడుతున్నారు. నేనెక్కడ మొదలుపెట్టాలి? ఈ డబ్బుతో అవుతుందా?

సమాధానం: అవుతుంది మాస్టారూ. ఈ ఏడాది అయ్యేది మాత్రం నడిచే బండి, నమ్మకంగా ఆగే బండి. తళతళలాడే బండి కాదు. ఈ తేడా ఇంట్లో వాళ్ళకి ఇవాళే చెప్పేయండి. ఇంటి దగ్గర మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన పాత కార్లు నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం డబ్బు చాలక ఆగలేదు, డబ్బు ముందు పెట్టకూడని చోట పెట్టినందువల్ల ఆగాయి. రంగుకి సగం పోతుంది, సీట్లకి పావు పోతుంది, తీరా ఇంజను దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ. మెరిసే బండి అదే షెడ్డులో మళ్ళీ దుమ్ము పట్టి కూర్చుంటుంది.

స్పానర్ పట్టుకునే ముందు ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్ళిరండి. మీ విషయంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అక్కడ ఉండొచ్చు, పైగా అది నెలనెలా పెరిగే ఖర్చు. 15 ఏళ్ళు దాటిన సొంత కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటితే నెలకి 500 చొప్పున అదనం. మీది 2021లోనే దాటింది. లెక్కల మాస్టారు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు, నాలుగేళ్ళకి ఆ అదనమే 24,000. ఇంత పడకపోవచ్చు, ఇంకేదైనా పన్ను కలవొచ్చు కూడా. అందుకే మొత్తం ఎంతో కౌంటర్లో అడిగి కాగితం మీద రాయించుకోండి.

అదే రోజు ఇంకో రెండు విషయాలు తేల్చుకోండి. నాన్నగారి పేరు నుంచి మీ పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మగారు గానీ తోబుట్టువులు గానీ ఉంటే వాళ్ళ అంగీకారం సిద్ధం చేసుకోండి. నిజానికి దీన్ని మూడు నెలల్లోపు పెట్టాలి, ఇప్పటికే ఆలస్యమైంది. రెండోది, 1986 నాటి బండి కాబట్టి నంబరు పాత సిరీస్‌లో ఉంటుంది. అలాంటి బండ్లు చాలావరకు కంప్యూటర్ రికార్డులోకి ఎక్కలేదు. మీదీ ఎక్కకపోతే ఒరిజినల్ ఆర్‌సీ పుస్తకం చూపించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం, చేయించుకోవాలి. ఆ పుస్తకం దొరక్కపోతే బీరువా అంతా వెతకండి. బండిలో ఏ పార్టుకైనా ప్రత్యామ్నాయం దొరుకుతుంది గానీ ఆ పుస్తకం పోతే తిరుగుడు చాలా ఉంటుంది.

వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోండి, పని సులువని ఎవరైనా చెబితే వినకండి. 2021లో వచ్చిన ఆ నిబంధన మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన వాటికే. కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000. పైగా ఆ నంబరు మీద రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే తీయాలి. మీకు కావాల్సింది అది కాదు. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్ల మీద ఉన్న ఆంక్షల వార్తలు చూసి కూడా కంగారుపడకండి. మన దగ్గర తనిఖీలో నెగ్గితే ఐదేళ్ళకి రెన్యువల్ చేస్తారు. ఆ తనిఖీలో వాళ్ళు చూసేవి బ్రేకులు, లైట్లు, హారన్, టైర్లు, పొగ. రంగు వెలిసిపోయిందని ఎవరూ వెనక్కి పంపరు. మీ పని ఏ వరసలో సాగాలో ఆ తనిఖీయే చెబుతోంది, నెలకి 500 అదనం కూడా త్వరగా కానివ్వమంటోంది.

ఇక బండి సంగతి. మీ చేతిలో ఉన్నది ఇంటి దగ్గర నేర్చుకోవడానికి చాలా అనువైన కారు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా ముంబై కుర్లాలో తయారీ మొదలైన డిజైనే, 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చింది, మొత్తం మూడున్నర దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా సాగింది. 1089 సీసీ ఇంజను, ఒక కార్బ్యురేటర్, పాయింట్లతో నడిచే డిస్ట్రిబ్యూటర్, వెనక కమాను పట్టీలు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. బానెట్ ఎత్తితే ఏ భాగం ఎక్కడుందో కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ముంబైలో పద్మిని ట్యాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది గానీ, దశాబ్దాల పాటు వాటికోసం నడిచిన విడిభాగాల వ్యాపారం ఒక్కరోజులో పోదు. ముందు విజయవాడ ఆటోనగర్‌లో పాత షాపులు తిరగండి. అక్కడ లేనివి చెన్నై పుదుపేటలోనో కుర్లాలోనో అడిగించండి. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్ళండి, పేరు చెప్పి కొనకండి. ఒకే పేరుతో రెండు మూడు కొలతల్లో ఉంటాయి.

మారుతి ఇంజను మాట మర్చిపోండి. పెట్టేవాళ్ళున్నారు, బాగానే నడిపేవాళ్ళూ ఉన్నారు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించకుండా ఇంజను మారిస్తే రెన్యువల్ దగ్గర ఇంజను నంబరు కలవదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీతో పేచీ వస్తుంది. ఇంజను మౌంటింగులు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకదాని వెంట ఒకటి మార్చుకుంటూ పోవాలి. అదంతా అయ్యాక షెడ్డులో ఉండేది మీ నాన్నగారి బండి కూడా కాదు.

అలాగే మొత్తం విప్పెయ్యడం కూడా వద్దు. వీడియోల్లో వాళ్ళకి పెద్ద గ్యారేజీ ఉంటుంది, ముగ్గురు నలుగురు మనుషులు ఉంటారు. మీకు ఆదివారాలు మాత్రమే ఉన్నాయి. విప్పిన నట్లు, వాషర్లు ఆరు నెలల తర్వాత ఎక్కడివో గుర్తుండవు. ఒకసారి ఒకే పని: విప్పు, బాగుచెయ్యి, బిగించు, తర్వాతే ఇంకోటి. విప్పే ముందు ఫోన్లో ఫొటో తియ్యండి. ప్లగ్ వైర్లకి తెల్ల టేపు చుట్టి నంబరు రాయండి. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో పెట్రోలు మండే వరస, 1-3-4-2. వైర్లు తారుమారైతే మంచి ఇంజను కూడా దగ్గుతూ ఉంటుంది, మనం కార్బ్యురేటర్‌ని అనుమానిస్తూ కూర్చుంటాం.

మొదటి ఆదివారం బండి కింద చూడండి. పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగం కలిసే బండిని నిలబెడతాయి. అందుకే ఇక్కడి తుప్పు, బానెట్ మీద తుప్పు ఒకటి కాదు. కార్పెట్లు ఎత్తి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఫ్లోరంతా పొడిచి చూడండి. బ్యాటరీ ట్రే కింద, చక్రాల పైన మడతల్లో, జాకీ పెట్టే చోట, కమాను పట్టీలు బిగించిన చోట ఇంకాస్త గట్టిగా పొడవండి. రేకు గట్టిగా టంగుమంటే సరే, స్క్రూడ్రైవర్ దిగిపోతే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. బయట చిన్న అయస్కాంతం పట్టుకుని తలుపుల అడుగు భాగం, మడ్‌గార్డులు తడమండి. అయస్కాంతం అంటుకోని చోట లోపల పుట్టీ ఉందన్నమాట. తలుపుల అడుగున నీళ్ళు కారే చిన్న రంధ్రాలుంటాయి, ఎప్పుడో పూడుకుపోయి ఉంటాయి, తీగతో పొడిచి తెరవండి. ఆ పూడికే చాలా తలుపుల్ని తినేసింది.

గుర్తులు పెట్టినవన్నీ టింకరింగ్ మేస్త్రికి చూపించండి. కుళ్ళిన రేకు కోసి తీసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయమనండి. పాత రేకు మీద కొత్త రేకు అతికించి పుట్టీ పూసే పద్ధతికి ఒప్పుకోకండి. రెండు రేకుల మధ్య చెమ్మ చేరి రెండేళ్ళలో రెండూ పోతాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు, పెట్రోలు ట్యాంకు విప్పించండి. ఇంట్లో ఆ పనికి మీరు పూనుకోవద్దు. తర్వాత తుప్పు గీకడం, రెడ్ ఆక్సైడ్ పూయడం, అడుగున అండర్‌కోట్ కొట్టడం మాత్రం మీరే చేసుకోవచ్చు. అక్కడ కూలి మిగులుతుంది.

ఇంజను విషయంలో ఒక్క మాట ముందే చెబుతున్నాను: కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టకండి. ఎనిమిదేళ్ళు ఆగిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి పట్టేసి ఉండొచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, ఉచితంగా పోయే సమస్య రీబోర్ (సిలిండర్లని లోపల మళ్ళీ తొలిచి సరిచేయడం) దాకా వెళుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల పల్చటి ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. కదలకపోతే మళ్ళీ ఆయిల్ పోసి ఆగండి, పొడుగు పైపు తగిలించి బలం చూపించకండి. తిరిగాక పాత ఇంజనాయిల్ దించండి. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయని అర్థం, హెడ్ గాస్కెట్‌ని, అంటే ఇంజను బ్లాకుకీ పైన ఉండే హెడ్‌కీ మధ్య పొరని, అనుమానించాలి. ఈ ఇంజనుకి బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఎప్పుడైనా బాగా వేడెక్కి ఉంటే హెడ్ వంగిపోయి ఉండొచ్చు. లేత్ షాపులో దాన్ని చదును చేస్తారు.

పెట్రోలు ట్యాంకులో మిగిలింది పెట్రోలు కాదు, వార్నిష్ వాసన వేసే జిగురు. మొత్తం దించేయండి. ట్యాంకు విప్పి కడిగించండి, కార్బ్యురేటర్ జెట్లు శుభ్రం చేయండి, పెట్రోలు పంపులో డయాఫ్రమ్ మార్చండి. రబ్బరు పైపులు చూడ్డానికి బాగున్నా అన్నీ మార్చాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1986 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, మెత్తబడి కారుతుంది, అది కూడా వేడి ఇంజను పక్కనే. ఇథనాల్‌ని తట్టుకునే పైపు అని అడిగి కొనండి. ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది కాబట్టి బండి వారాల తరబడి ఆపాల్సి వస్తే పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచకండి. మొదటిసారి స్టార్ట్ చేసే రోజు షెడ్డు తలుపులు బార్లా తెరిచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోండి. అది మీ మొదటి కొనుగోళ్ళలో ఉండాలి.

ఇక బ్రేకులు. మీ డబ్బులో, మీ ఓపికలో పెద్ద వాటా ఇక్కడ పెట్టమంటాను. పాత డ్రమ్ బ్రేకులు కష్టమైనవి కావు, కానీ అశ్రద్ధని క్షమించవు. పాత బండ్లలో చాలా వాటికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకే బ్రేక్ లైను. ఒక చక్రం దగ్గర ఆయిల్ కారినా పెడల్ నేలకి అంటుతుంది.

చక్రం లేపేటప్పుడు జాకీ మీద మాత్రమే నమ్మకం పెట్టకండి. మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, బండి కింద గట్టి స్టాండు వేశాకే చెయ్యి పెట్టండి. డ్రమ్ములు పట్టేసి ఉంటాయి. వెనక అడ్జస్టర్ వదులు చేసి చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా కొడుతూ పోతే వస్తాయి, ఇనుప సుత్తితో అంచు మీద కొడితే డ్రమ్ పగులుతుంది. లోపలి దుమ్ముని నోటితో ఊదకండి, ఎయిర్ కొట్టకండి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

తర్వాత వీల్ సిలిండర్, అంటే చక్రం దగ్గర బ్రేకుల్ని నొక్కే చిన్న సిలిండర్, విప్పండి. రెండు చివర్ల రబ్బరు టోపీలు తీస్తే గోధుమ రంగు ముద్ద కనబడుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో చెమ్మ పీల్చుకుని ఏళ్ళ తరబడి లోపలే నిలిస్తే అలా అవుతుంది. పిస్టన్లు బయటికి తీసి, సిలిండర్ లోపలి గోడని బ్రేక్ ఆయిల్‌తోనే శుభ్రం చేయండి. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజనాయిలు తగిలితే కొత్త రబ్బర్లు ఉబ్బిపోతాయి. టార్చి వేసి లోపలికి చూడండి. గోడ నున్నగా ఉంటే కొత్త రబ్బర్ల కిట్ చాలు. గోరు తగిలితే ఆగేంత గుంటలు పడి ఉంటే ఆ సిలిండర్ పక్కన పడేసి కొత్తది కొనండి. గుంటల సిలిండర్‌లో కొత్త రబ్బరు వేస్తే నెల తిరక్కుండా కారుతుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కీ ఇదే పరీక్ష. రబ్బరు హోసులు మాత్రం పరీక్షలేమీ లేకుండా అన్నీ మార్చేయండి. పైకి బాగున్న హోసు లోపల వాచి మూసుకుపోతుంది, తొక్కిన బ్రేకు వదలదు, చక్రం పట్టుకుని ఉండిపోతుంది.

బ్రేక్ లైన్లలో గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. మీ పిల్లల్లో ఒకర్నో, మీ ఆవిడనో పెడల్ దగ్గర కూర్చోబెట్టండి. మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. చక్రం దగ్గర గాలి వదిలే బ్లీడర్ నట్టుకి సన్న గొట్టం తగిలించి, రెండో చివర కాస్త బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. "తొక్కు" అన్నాక మీరు బ్లీడర్ వదులు చేయాలి, దాన్ని బిగించాకే "పెడల్ వదిలెయ్" అనాలి. సీసాలో బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యమధ్యలో పైన డబ్బాలో ఆయిల్ చూస్తూ ఉండండి, అది ఖాళీ అయితే మళ్ళీ మొదటికే. రంగు మీద బ్రేక్ ఆయిల్ చుక్క పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. అంతా అయ్యాక ఇంజను ఆపే ఉంచి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, వెతకండి. ఇదంతా చేశాక అనుభవమున్న మెకానిక్‌ని ఇంటికి పిలిచి చూపించండి. కూలి తీసుకుంటాడు, ఇవ్వండి. సొంతంగా చేసిన బ్రేకుల మీద ఇంకొకరి కన్ను పడకుండా బండి గేటు దాటకూడదు.

టైర్ల గీతలు చూసి మోసపోకండి. పక్క గోడ మీద నాలుగంకెల నంబరు చూడండి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 2317 అంటే 2017లో 23వ వారం. అసలు నాలుగంకెలే లేకపోతే 2000కి ముందువి. నీడలో ఉన్నా ఎనిమిదేళ్ళు దాటిన రబ్బరుని నేను నమ్మను. కొత్తవి కొనేటప్పుడూ ఇదే నంబరు చూడండి. ఈ సైజు అంతగా అమ్ముడుపోదు, షాపులో నిలవ ఉన్న సరుకు అంటగడతారు.

వైరింగ్ దగ్గర ఎలుకల సంగతి చూసుకోండి, డ్యాష్‌బోర్డు వెనక గూళ్ళు పెడతాయి. చాలా కరెంటు సమస్యలు ఎర్త్ వైరు తుప్పుతోనే వస్తాయి, అది గీకి బిగించాకే మిగతావి వెతకండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి, కూలంట్ పోయండి. సీట్లు, రెక్సిన్, పైకప్పు గుడ్డ ఈ ఏడాది ముట్టుకోవద్దు. సీటు కవరు మీద ఒక దుప్పటి పరిస్తే చాలు.

80 వేలని ఇలా పంచుకోమంటాను. కాగితాలు, ఇన్సూరెన్స్‌కి 35 వేలు విడిగా తీసి ముట్టుకోకుండా ఉంచండి. బ్రేకులకీ టైర్లకీ కలిపి 25 వేలు. మిగిలిన 20 వేలల్లో ఫ్లోరు వెల్డింగ్, పెట్రోలు లైను, బ్యాటరీ. ఆర్‌టీఓలో తక్కువ తేలితే మిగిలింది ఫ్లోరుకి వెళ్ళాలి, రంగుకి కాదు. పెయింటరు గారితో చెప్పండి, వచ్చే ఏడాది పిలుస్తామని. కింద రేకు సరిచేయకుండా వేసిన రంగు ఒక్క వర్షాకాలం దాటాక బుడగలు లేస్తుంది, ఆయనకీ చెడ్డపేరే.

ఇంజను హెడ్ విప్పాలా వద్దా అన్నది మాత్రం ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇంజను చేత్తో తిరిగాక, కార్బ్యురేటర్ పని అయ్యాక, ఏదైనా మంచి గ్యారేజీ నుంచి కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది) తెచ్చి నాలుగు సిలిండర్లూ చూడండి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఏదైనా బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు లేదా గాస్కెట్. ఆయిల్ పోయకముందు, పోశాక వచ్చిన అంకెలన్నీ నాకు రాసి పంపండి, అప్పుడు హెడ్ గురించి మాట్లాడుకుందాం. పాత సామాన్ల వ్యాపారికి మాత్రం ఇవాళే వద్దని చెప్పేయండి.